మడత విప్పని చీరలు

పాండురంగయ్య శెట్టిగారు మొట్టమొదట ప్యాంటు వేసుకున్నది అరవై రెండో ఏట. ఈ సంగతి నాకు చెప్పింది ఆయన భార్య మహానందమ్మే. చెప్పి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"నా పెండ్లికి గూడా పంచెనే పద్మమ్మా. ఇప్పుడు చూడు, ఎర్ర చొక్కా, నల్ల ప్యాంటు, నెత్తిన టోపీ. పొద్దున్నే అద్దం ముందర నిలబడుకోని జోబీలో చెయ్యి ఎట్ల పెట్టుకోవాల్నో నేర్చుకుంటాండాడు."

ఆ వేషమంతా పెద్ద షెడ్డులో ఉద్యోగం కోసం. నంద్యాల దాటి ఆళ్లగడ్డ వైపు వచ్చే దారిలో ఉంటుందది. ఇంగ్లీషులో పొడుగాటి పేరు ఉంది, రాత్రిపూట మైలు దూరానికి కనపడేలా వెలుగుతుంది కూడా. కానీ మా పక్క అందరికీ అది పెద్ద షెడ్డే. బస్సు కండక్టర్లు కూడా "షెడ్డోళ్లు దిగండి, షెడ్డోళ్లు" అనే అరుస్తారు. కంపెనీల్లో మిగిలిపోయిన బట్టలు, చెప్పులు, సూట్‌కేసులు, కుక్కర్లు అన్నీ అక్కడికి లారీల్లో వస్తాయి, సగం ధరకు అమ్ముడుపోతాయి. చీరల్లో ఎక్కడో ఒక పోగు తప్పి ఉంటుంది, చొక్కాలో ఒక గుండీ రంగు మారి ఉంటుంది. చూసుకుని కొనుక్కోవాలి.

అది రాకముందు అక్కడ పత్తి గోడౌన్లు, వెనకాల వరి మళ్లు ఉండేవి. మళ్లు ఇప్పుడూ ఉన్నాయి. ముందువైపు మాత్రం చెరకు రసం బండ్లు, ఉగ్గాని బజ్జీల బండ్లు, ప్లాస్టిక్ స్టూళ్లు, ఆటోల వరస. పంచర్లు వేసే అంగడి ఫోన్లకు కవర్లు అమ్మే అంగడి అయింది. ఆదివారం వస్తే ప్యాపిలి నుంచీ డోన్ నుంచీ వ్యాన్లు కట్టుకుని పెళ్లివాళ్లు వస్తారు. కార్ల మధ్యలో ట్రాక్టర్లు కూడా నిలబెట్టి ఉంటాయి. లోపల కదిలే మెట్ల దగ్గర ముసలివాళ్లు చెప్పులు విడిచి, దండం పెట్టుకుని ఎక్కుతారు. పైకి పోయాక చెప్పుల కోసం కిందకు పిల్లల్ని తరుముతారు.

శెట్టిగారి పని బయటికొచ్చే తలుపు దగ్గర. బిల్లు చూసి, సంచిలో వస్తువులు చూసి, బిల్లుకు చిల్లు పెట్టి, దసరా డ్రా కూపన్ చేతికిచ్చి "మళ్లీ రండి" అనాలి. అంతే పని.

అంతకు ముందు ఆయనకు ఆళ్లగడ్డ బజారులో బట్టల అంగడి ఉండేది. ఆయనది ప్యాపిలి. ఇక్కడ మేనమామ కూతురైన మహానందమ్మను చేసుకుని, మామ అంగడిలోనే గజం కడ్డీ పట్టుకున్నాడు. నా పెళ్లిచీర ఆ అంగడిదే. తెల్లటి పరుపు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, చీర అంచు రెండు వేళ్లతో పట్టుకుని ఒక విదిలింపు విదిలిస్తే ఆ చివర మన ఒళ్లో వచ్చి పడేది. మెట్టెక్కుతున్న మనిషిని చూసి "రాండి, రాండి" అనేవాడు. దిగుతున్న మనిషికి "మళ్లీ రాండి" అనేవాడు. ఏమీ కొనకపోయినా అనేవాడు.

ఒక్కసారి మాత్రం నాకు అనలేదు. మా అత్త పోయినప్పుడు ఆమె మీద కప్పడానికి చీర కావాలని నేనూ మా ఆయనా ఆ అంగడికే పోయాం. నాకు అప్పటికి ఇరవై రెండేళ్లు. శెట్టిగారు మమ్మల్ని చూసి రమ్మనలేదు. పరుపు మీంచి లేచి నిలబడ్డాడు. మేము అడిగిన రంగులో చీర ఒకటే తీశాడు, ధర ఒకటే మాట చెప్పాడు, రోజూ చెప్పే ధర కంటే అది తక్కువే. జాకెట్టు ముక్క ఇవ్వలేదు. అంగడి పేరున్న పచ్చ సంచిలో పెట్టకుండా పాత పేపర్లో చుట్టి ఇచ్చాడు. మేము మెట్లు దిగేసరికి ఆయన మొహం అరల వైపు తిరిగి ఉంది.

నాకు కష్టమనిపించింది. దారిలో మా ఆయనతో అన్నాను, "ఏంది శెట్టికి అంత పొగరు? పలకరిస్తే ముత్యాలు రాల్తాయా?" అని.

మా ఆయన ఏడుస్తున్నవాడు కాస్తా నా వైపు తిరిగి, "పిచ్చిదానా, చావు బట్టలకు వచ్చినోళ్లను మళ్లీ రాండి అంటారా ఎవరన్నా?" అన్నాడు.

అప్పుడు తెలిసింది నాకు. ఆ బట్టలతో పాటు అదనంగా ఏదీ ఇంటికి రాకూడదు. జాకెట్టు ముక్క రాకూడదు, క్యాలెండర్ రాకూడదు. బేరం ఆడకూడదు కాబట్టి అంగడివాడే తగ్గించి చెప్పాలి. ఇంకో సంగతి కూడా మా ఆయనే చెప్పాడు: ఫలానా వాళ్లు చావు బట్టలు కొన్నారని అంగడివాడు ఇంకెవరితోనూ అనకూడదు. అలా అంటే పక్కన పెళ్లిచీర చూస్తున్నవాళ్లు లేచిపోతారు, అదొకటి. చచ్చిన ఇంటి మాట అమ్మకం మాటతో కలపకూడదు, అది ఇంకొకటి.

అంగడి ఎందుకు మూశారంటే ఊళ్లో అందరూ షెడ్డు దెబ్బ అంటారు. ఆయన మాత్రం అలా అనడు.

"అంగడిని మోకాళ్లు మూసినాయమ్మా. నలభై ఏండ్లు కూసున్నా. డాక్టరు ఇంక కింద కూసోవద్దన్యాడు. సరే, నిలబడే పని యాడుందా అని చూస్తి. షెడ్డులో ఉండాది."

శ్రావణంలో మా ఆయన పోయాడు. మోటారు ఆపి గట్టు మీద కూర్చున్న మనిషి లేవలేదు. దాని గురించి ఇంతకంటే రాయలేను.

పదకొండో నాటి పెద్దదినానికి, భర్త పోయిన ఆడపిల్లకు చీర పుట్టింటి నుంచి రావాలి. మా అన్న కొండయ్య, ఆయన కొడుకు అభిషేక్ షెడ్డుకు పోయి నాకు చీర, నా కొడుకు సురేష్‌కు పంచె, తువాలు, ఇంకా అందరికీ పెట్టాల్సినవి కొనుక్కొచ్చారు. నాకు బూడిద రంగు చీర తెచ్చారు. ఎక్కడ కొన్నారని కూడా నేను అడగలేదు.

అభిషేక్ నంద్యాలలో విత్తనాల కంపెనీలో పని చేస్తాడు. పెద్దదినం అయిన రెండు వారాలకు మా ఇంటికి వచ్చాడు. ఊరికే కూర్చుంటే నేను ఏడుస్తానని కబుర్లు వెతుక్కుని చెప్తాడు వాడు. నేను బియ్యం చెరుగుతున్నాను.

"అత్తా, ఒక సంగతి చెప్తా విను. షెడ్డులో ఒక దొంగను పట్టిచ్చినా."

"నువ్వా?"

"ఫోన్లోనే. ఆ పొద్దు బట్టలు కొన్యాం గదా, ఎనిమిది వేలు బిల్లాయె. వాకిలికాడ ముసలాయన మా ముందరోళ్లకు కూపన్ ఇచ్చినాడు, మా ఎనకాలోళ్లకు ఇచ్చినాడు. మాకు బిల్లుకు బొక్క పెట్టి మొగం పక్కకు తిప్పుకున్యాడు. దసరా డ్రా అత్తా, స్కూటరు! ఊరకుంటానా, షెడ్డోళ్లకు అంతా రాసి పెట్టినా. నిన్న షెడ్డోళ్లే ఫోన్ చేసినారు. చూస్తే ఆయప్ప అట్ల పదకొండు బిల్లులకు ఇయ్యలేదంట. కూపన్లు దాచుకోని తన పేరు రాసుకునేదానికని అనుమానం. వాకిలికాడి నుంచి తీసి గోడౌన్లో కూసోబెట్టినారంట. శనివారం తేలుస్తారంట."

నా చేతిలో చేట ఆగిపోయింది. "పేరేందిరా ఆయనది?"

"ఏమో... పాండురంగయ్య అన్యారు."

వాడికి అంతా చెప్పాను. మా అత్త చీర దగ్గర్నుంచీ చెప్పాను. వినీ వినీ వాడి మొహం చిన్నబోయింది.

"నాకేం తెలుసత్తా? ఇప్పుడెవరు చూస్తాండారు అట్లాంటివి?"

"ఆయన చూస్తాండాడు గదా."

మహానందమ్మకు ఫోన్ చేశాను. రెండు మాటలయ్యేసరికి ఆమెకు ఏడుపొచ్చింది.

"నాలుగు దినాలాయె పద్మమ్మా. 'నేను తీసుకోలేదు సార్' అంటాడంట, అంతకు మించి నోరు తెరవడంట. ఇంట్లో నేను అరుస్తా, ఎందుకియ్యలేదో చెప్పి చావరాదా అని. 'ఎవరింట్లో మనిషి పోయినాడో నా నోటితో చెప్పి నేను బయటపడాల్నా' అంటాడు. దొంగ అంటే అననీలే అంటాడు. పైకే అంటాడు. రాత్రి అన్నం ముందర కూసోని చెయ్యి కడుక్కోని లేచినాడు."

నాకు చేతనైన పని ఒకటే కనపడింది. ఆయన ఎవరి మాటా చెప్పడు. నా మాట నేను చెప్పుకోవచ్చు.

అయితే మా ఇళ్లలో భర్త పోయిన ఆడది ఏడాది తిరక్కుండా అంగడి గడప తొక్కదు. నాకు అప్పటికి నెల కూడా కాలేదు. సురేష్‌కు చెబితే వాడు తల అడ్డంగా ఊపాడు.

"ఊర్లో ఏమంటారమ్మా? నేను పోయి చెప్తాలే."

"నువ్వేం చెప్తావురా? ఆ చీర కట్టుకునింది నేను."

శనివారం పొద్దున ఆ బూడిద రంగు చీరే కట్టుకుని బస్సెక్కాను. అదే ఇరవై ఎనిమిదో దినం. అభిషేక్ షెడ్డు ముందర చెరకు రసం బండి దగ్గర నిలబడి ఉన్నాడు. లోపల చల్లగా ఉంది, పాటలు వస్తున్నాయి. చీరల వరసలో ఒకావిడ పెళ్లికావాల్సిన పిల్ల భుజం మీద పట్టుచీర వేసి చూస్తోంది. నన్ను చూసి, పిల్లను మెల్లగా అవతలి వైపు తిప్పింది. ఆమె చేసింది తప్పని నేను అనను. ఆమె స్థానంలో నేనున్నా అదే చేసి ఉండేదాన్ని. కానీ నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

బిల్లులు కొట్టే పిల్ల ఒకతి, కావ్య అని చొక్కా మీద రాసి ఉంది, లేచి నా దగ్గరికి వచ్చింది. శెట్టిగారి కోసం అని చెప్పగానే నా చెయ్యి పట్టుకుంది.

"రాండి పెద్దమ్మా. తాత మేనేజరు రూములోనే ఉండాడు. మీరన్నా ఏమన్నా చెప్పండి, మాతో అయితే వాతావరణం గురించి మాట్లాడతాండాడు."

మేనేజరు హరీశ్ అని ముప్పై ఏళ్లవాడు. ఆయన ముందు ప్లాస్టిక్ కుర్చీలో శెట్టిగారు, ఒళ్లో టోపీ. నన్ను చూసి దిగ్గున లేచి నిలబడ్డాడు. రమ్మని అనలేదు.

"పద్మమ్మా, నువ్వు యాల వచ్చినావు? ఇంటికి పోమ్మా."

"పోతాలే శెట్టిగారూ. నా బిల్లు సంగతి నేను చెప్పకూడదా?"

హరీశ్‌కు ఏమీ అర్థం కాక అభిషేక్ వైపు చూశాడు. వాడు "కంప్లెయింటు పెట్టింది నేనే సార్. ఈమె మా అత్త" అన్నాడు, అని నేల చూశాడు.

నాకు మాట్లాడటం అలవాటు లేదు. ముందు ఏం చెప్పాలో దారంతా అనుకుంటూ వచ్చినదంతా పోయింది. "ఈ చీర నాయనా" అన్నాను. "ఇది మీ అంగడిదే. మా ఆయన పోతే పుట్టింటోళ్లు తెచ్చినారు. ఆ బిల్లుకే ఆయన కూపన్ ఇయ్యంది. మాలో అట్లాంటి బట్టలతో ఏ కానుకా ఇంటికి రాకూడదు. మళ్లీ రాండి అనకూడదు. ఆయన దాచుకోలేదు. మాకు చెడు తగలకూడదని ఇయ్యలేదు."

హరీశ్ కుర్చీలో వెనక్కి వాలాడు. "ఏమయ్యా, నిజమేనా?"

శెట్టిగారు టోపీ అంచు తిప్పుతూ ఉండిపోయాడు.

"నిన్నే అడుగుతాండా. కూపన్లు ఏం చేసినావు?"

"చించి బుట్టలో ఏసినా సార్. మీరే చెప్పండి, ఆ బిల్లు మీద స్కూటరు తగిలిందనుకో. ఇంటికి తోలుకోని పోతారు. ఆ ఇంట్లో దాన్ని ఎవరెక్కుతారు సార్? ఎక్కినప్పుడల్లా ఎవరు గుర్తుకొస్తారు?"

బయట ఏదో పాట మారింది.

"సరే" అన్నాడు హరీశ్ చివరికి. "నువ్వు ఈ మాట మొదటి రోజే చెప్పుంటే సరిపోయేది. ఇప్పుడు ఒక్క బిల్లు తేలింది. ఇంకా పది ఉండాయి. పైనోళ్లకు నేనేం రాయాల? ఒక పని చేస్తా, బిల్లుల మీద నంబర్లుండాయి, ఫోన్ చేసి అడుగుతా."

"వద్దు సార్!" శెట్టిగారు అంత గట్టిగా మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు. "దినాలు జరిగిన ఇంటికి ఫోన్ చేసి కూపన్ అందిందా అని అడుగుతారా? అంతకంటే నేనే మానుకుంటా. దొంగ అనే రాసుకోండి. ఇదో మీ టోపీ." టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.

ఆ క్షణంలో నాకు ఆ ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. "ఫోన్ నాకియ్యి నాయనా" అన్నాను. "మీరడిగితే తప్పు. నేనడిగితే తప్పు లేదు. నేనూ వాళ్లలో ఒకదాన్నే గదా."

శెట్టిగారు నా వైపు చూశాడు. కాదనలేదు.

మొదటి నంబరు ప్యాపిలిది. మగమనిషి. నా పేరు చెప్పి, మా ఇంట్లో మనిషి పోయాడనీ, షెడ్డులోనే బట్టలు కొన్నామనీ, మీరూ కొన్నారంట కదా అనీ అన్నాను.

"అవునమ్మా. మా అమ్మకు" అన్నాడు. "ఏం, బట్టల్లో ఏమన్నా తేడా వచ్చిందా?"

"ల్యాదు నాయనా. వాకిలికాడ పెద్దాయన మీకు కూపన్ ఇయ్యలేదని ఇక్కడ ఆయన మీద మాటొచ్చింది."

"మాటేంది? ఇచ్చింటే నేనే ఆయన మొగాన కొట్టింటి. మర్యాద తెలిసిన మనిషి. నా పేరు చెప్పు, నేనొచ్చి చెప్తా."

రెండోది గడివేముల. ఆడమనిషి గొంతు, నాకంటే పెద్దది. నేను మొదలుపెట్టగానే ఆపేసింది.

"మీ ఇంట్లో ఎవరమ్మా?"

మా ఊళ్లో నన్ను ఎవరూ అలా అడగలేదు, అందరికీ తెలుసు కాబట్టి. నా నోటితో నేను అప్పటిదాకా ఆ మాట అనే అవసరమే రాలేదు.

"మా ఆయన" అన్నాను.

"ఎన్ని దినాలాయె?"

"ఇరవై ఎనిమిది."

"మాకు నలభై. కోడలు. ఇరవై నాలుగేండ్లు." "తింటాండావా?"

"తింటాండా."

"అబద్ధాలు చెప్పొద్దు."

"మజ్జిగన్నం తింటాండా."

"అదన్నా తిను. ఇంకేంది, ఆ శెట్టి సంగతేనా? నా చేతిలో సంచి తీసుకోని ఆటో దాకా మోసుకొచ్చినాడు. ఒక్క మాట మాట్లాడలా. వాళ్లకు చెప్పు, ఆ మనిషిని ఏమన్నా అంటే ఉసురు తగులుతుందని."

హరీశ్ కిటికీ వైపు చూస్తున్నాడు. ఇంకో రెండు ఇళ్లకు చేశాను. రెండు చోట్లా అదే మాట. అయిదోది డోన్. ఈసారి హరీశ్ ఫోన్‌ను బల్ల మీద పెట్టి అందరికీ వినపడేలా చేశాడు.

"నాయనా, మీ ఇంట్లో మనిషి పోయినారంట..."

"ఏందీ? ఎవరు సచ్చినారు?" ఫోన్ దద్దరిల్లింది. "ఎవరమ్మా నువ్వు? మా ఇంట్లో పెండ్లి! మొన్న పది దినాలకిందనే నా కూతురి పెండ్లి చేసినా! ఓబులేసు అంటే డోన్‌లో అడుగు ఎవర్నన్నా!"

కావ్యకు వచ్చిన నవ్వు దగ్గుగా మారింది. శెట్టిగారి మొహంలో రక్తం లేదు. దొంగ అన్నప్పుడు కూడా ఆయన అలా అయి ఉండడు.

"పెండ్లా?" అన్నాడు. బల్ల దగ్గరికి వచ్చి ఫోన్ మీదకు వంగాడు. "అయ్యా, నేను షెడ్డులో వాకిలికాడ ఉండేటోన్ని. తప్పు నాది. మీరు చీర, పంచె, తువాలు, మూడే మూడు తీసుకోని వచ్చినారు. నలుగురొచ్చినారు, ఒకరూ నోరు తెరవలా. చీర మడత గూడా విప్పి చూడలేదని లోపలి పిల్లలు చెప్పినారు. పెండ్లోళ్లు మడత విప్పకుండా యాడన్నా కొంటారా అయ్యా? నేను ఇంకో రకంగా అనుకుంటి."

అవతల మనిషి పెద్దగా నవ్వాడు. "ఓహో, అదా! దారిలో కార్లో మా బామ్మర్దికీ నాకూ మాటా మాటా పెరిగిందిలే. ఆయన కోసం పట్టుబట్టలు కొనలేదని. షెడ్డులో ఒకరి మొగం ఒకరు చూసుకోలా. చేతికందింది తీసుకోని వచ్చేసినాం. సరే గానీ, కూపన్ అంటాండావు, ఏం కూపన్? స్కూటరా? అయితే నా కూపన్ నాకియ్యి!"

హరీశ్ ఫోన్ పెట్టేసి కళ్లు తుడుచుకున్నాడు. నవ్వుకు తుడుచుకున్నాడో దేనికో. "చాలమ్మా, ఇంక చెయ్యొద్దు. దొంగయితే ఇట్ల తప్పు చెయ్యడు" అన్నాడు. వాకిలి పక్కన చిన్న బల్ల వేయించి కూపన్లు దాని మీద పెట్టిస్తాననీ, కావాల్సినవాళ్లు బిల్లు చూపించి తీసుకుంటారనీ అన్నాడు. టోపీ తీసి శెట్టిగారికి అందించాడు.

"మళ్లీ రండి మాత్రం చెప్పాల్సిందేనా సార్?"

హరీశ్ తల గోక్కున్నాడు. "నీకు తోచినోళ్లకు చెప్పు. పైనోళ్లు అడిగితే అందరికీ చెప్తాండావని నేను చెప్తా."

అభిషేక్ తన ఫోన్‌లో రాసిందంతా తుడిచేసి, "తాతా, ఏమనుకోవద్దు" అన్నాడు.

"నువ్వు రాసింది మంచిదే అప్పా" అన్నాడు శెట్టిగారు. ఆయన మనసు అక్కడ లేదు. "నలభై ఏండ్లు. ఒక్కసారి తప్పలా. పెండ్లి మనిషిని పలకరించకుండా మొగం తిప్పుకుంటినే. ఆ పిల్ల ఎట్లుందో ఏమో." మేము బయటికి వచ్చేదాకా అదే మాట. నేను చేసిన పనికి సంతోషపడ్డాడో లేదో తెలియలేదు. "నువ్వు రాకుండా ఉండాల్సిందమ్మా" అన్నాడు, అని నాకు బస్సు ఆపి, నేను ఎక్కేదాకా ఎండలో నిలబడ్డాడు.

మంగళవారం ఆయనకు సెలవు. ఆ సాయంత్రం, ఇంకా వెలుతురు ఉండగానే, మా ఇంటి ముందు ఆగాడు. బస్టాండు నుంచి వాళ్ల ఇంటికి పోయే దారిలోనే మా ఇల్లు. ప్యాంటు లేదు, పంచె కట్టుకున్నాడు. చంకలో ఒక సంచి. అరుగు మీద కూర్చోలేక స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. మంచినీళ్లు ఇచ్చాను.

"డోన్ పోయొచ్చినా" అన్నాడు. నంద్యాలలో రైలెక్కి పోయాడట. పసుపు, కుంకుమ, రెండు జాకెట్టు ముక్కలు, పూలు, హరీశ్ ఇచ్చిన కూపన్ తీసుకుపోయాడట. ఓబులేసు ఆయన్ను లోపలికి పిలిచి అన్నం పెట్టాడట.

"బామ్మర్ది?" అన్నాను.

"ఆయనే వడ్డించినాడు. పిల్ల పుట్టింటికే వచ్చింది. లక్షణంగా ఉండాదమ్మా, నా పానం కుదుటపడె. నేను జాకెట్టు ముక్క చేతిలో పెడితే ఏమన్యాదో తెల్సా? 'తాతా, అదంతా సరే, ముందు ఈ చీర మార్చిస్తావా? విప్పి చూస్తే జరీ పోయింది' అన్యాది."

"మడత విప్పలేదు గదా కొనేటప్పుడు."

"అదే గదా. కోపంలో కొన్నది." సంచిలోంచి చీర తీశాడు. మెంతి రంగు, వెడల్పాటి అంచు. "రేపు మారుస్తారు. కానీ యాడుందో చూపియ్యాల గదా. రైల్లో చూస్తి, ఇంట్లో చూద్దామనుకుంటి, నా కండ్లకు ఆనదు, మహానందమ్మకు అసలే ఆనదు. ఒక చెయ్యి పట్టు."

చీర అంచు నా వైపు చాపాడు. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను. "పెండ్లికూతురి చీర. నేను పట్టుకోవచ్చునా శెట్టిగారూ?"

ఆయన ఒక్క క్షణం ఆలోచించాడు. "ఎట్లాగూ మార్చేదే గదమ్మా" అన్నాడు. "పట్టు."

అంచు రెండు వేళ్లతో పట్టుకుని ఆయన ఒక విదిలింపు విదిలించాడు. చీర అరుగంతా పరుచుకుంది. నేను చివర పట్టుకుని మెల్లగా వెలుతురుకు ఎత్తి, జానెడు జానెడు జరుపుకుంటూ చూశాను. కొంగు దగ్గరికి వచ్చేసరికి రెండు వేళ్ల మేర జరీ పోగు లేదు, పల్చగా అవతలి వీధి కనపడుతోంది.

"ఈడుంది" అన్నాను.

ఆయన కుంటుకుంటూ వచ్చి, కళ్లు చిట్లించి చూసి, ఆ చోట ఒక గుండుసూది గుచ్చాడు.